సాక్షిని ముందుగా సిద్ధం చేయడం తప్పా?

నల్లకోటు: సాక్షితో ముందే మాట్లాడితే చాలు, "సాక్ష్యం వండారు" అనేస్తారు. మొదటిసారి బోనెక్కే మనిషికి టెన్షన్‌తో తేదీలు కూడా గుర్తురావు. అడిగినదానికే జవాబు చెప్పు, తెలియకపోతే తెలియదను అని చెప్పడం అబద్ధం నేర్పడమా?

లెక్కలమాస్టారు: అంతవరకే అయితే గొడవేముంది? కానీ లాయరు ఒకే విషయాన్ని తనకు కావలసిన మాటలతో మళ్లీ మళ్లీ అడుగుతాడు, అక్కడే వస్తుంది చిక్కు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు కొంతమందికి కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం అడిగారు. ప్రశ్నలో "ఒకదానికొకటి తగిలినప్పుడు" అని ఉంటే సగటు జవాబు గంటకు 31.8 మైళ్లు. "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని ఉంటే 40కి పైనే. ఇంకో ప్రయోగంలో వారం ఆగి, పగిలిన గాజు కనిపించిందా అని అడిగారు. ఫిల్ములో గాజే లేదు. అయినా "నుజ్జయ్యేలా" విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, మామూలుగా "గుద్దుకున్నప్పుడు" అని విన్న 50 మందిలో ఏడుగురే. వీళ్లు అబద్ధమాడటం లేదండీ, నిజంగా చూశామనే నమ్ముతున్నారు. అలాంటివాళ్లను ఎదుటి లాయరు ప్రశ్నించే క్రాస్‌లో ఎలా పట్టుకుంటారు?

నల్లకోటు: చీఫ్‌లో, అంటే మన సాక్షిని మనమే మొదట ప్రశ్నించేటప్పుడు, సొంత సాక్షికి జవాబు అందించే ప్రశ్నలు వేయనివ్వరుగా.

లెక్కలమాస్టారు: కోర్టులో వేయనివ్వరు. లాయరు ఆఫీసులో ఆపేదెవరు?

పక్కబెంచి: దీనికి దేశానికో పద్ధతి. ఇంగ్లండ్‌లో 2005 నాటి మొమోడు తీర్పు ప్రకారం క్రిమినల్ కేసుల్లో సాక్షికి కోర్టు తీరుతెన్నులు చెప్పొచ్చు, సాక్ష్యంపై తర్ఫీదు మాత్రం ఇవ్వకూడదు. అమెరికాలో రిహార్సల్ మామూలే. నాకైతే మామూలు సాక్షి కంటే, కోర్టుకు అభిప్రాయం చెప్పే నిపుణుడితోనే ఎక్కువ భయం. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో వందమందికి పైగా ఫోరెన్సిక్ సైకాలజిస్టులకు, సైకియాట్రిస్టులకు డబ్బిచ్చి, అందరికీ అవే నేరస్థుల ఫైళ్లు చూపించారు. సగంమంది ప్రాసిక్యూషన్‌కు, సగంమంది డిఫెన్స్‌కు పనిచేస్తున్నాం అనుకున్నారు. ప్రాసిక్యూషన్ వైపు అనుకున్నవాళ్లు నేరస్థుడు ఎంత ప్రమాదకరమో చెప్పే స్కోర్లు ఎక్కువ వేశారు. అందరికీ ఒకే ఫైలు ఇస్తేనే ఇలా ఉంటే, ఏ కాగితాలు చూపించాలో లాయరే ఏరితే ఇంకేం చెప్పాలి!

నల్లకోటు: అందుకు రెండో పక్షం నిపుణుడు ఉంటాడు.

పక్కబెంచి: ఇద్దరు పక్షపాతుల్ని కలిపితే సగటున నిజం వస్తుందా? ఆస్ట్రేలియాలో కొన్ని కోర్టులు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి జడ్జి ముందే ఒకరినొకరు ప్రశ్నించుకోనిస్తాయి. అది మేలు.

లెక్కలమాస్టారు: సాక్షులకు అదీ కుదరదు. లాయరు సాక్షిని సిద్ధం చేసే ప్రతి మీటింగూ రికార్డు చేయాలంటాను.

నల్లకోటు: ఆ రికార్డు ఎదుటి లాయరు చేతికి వెళ్తుందంటే, ఏ సాక్షైనా నా ముందు నోరు విప్పుతాడా?