పాడేరు వైపు పిల్లలకి వీడియో పాఠాలు ఎలా అందించాలి?

ప్రశ్న: మద్దిలపాలెం లెక్చరర్
ఇంజనీరింగ్ కాలేజీలో థర్మోడైనమిక్స్ చెబుతాను. పాఠం ముందే వీడియోలో చూసి రమ్మని, క్లాసులో లెక్కలే చేయిస్తున్నాను. గాజువాక, మధురవాడ పిల్లలు బాగా అందుకున్నారు. ఎంట్రోపీ మీద ఇంతకుముందెప్పుడూ అడగని ప్రశ్నలు అడుగుతున్నారు, ఎంత సంతోషమో! కానీ సెలవులకి పాడేరు, అరకు వైపు ఊళ్లకి వెళ్లినవాళ్లకి సిగ్నల్ అందదు, వీడియో కదలదు. వాళ్లు వెనకబడిపోతారని టెన్షన్‌గా ఉంది. మీరేం చేస్తున్నారు?

జవాబు: మధురవాడ మేడమ్
సార్, మూడుల్ యాప్ వాడండి, పాఠాలు, క్విజ్‌లు పెట్టుకునే యాప్ అది. కాలేజీ వైఫైలో ఉండగానే పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుంటే ఊళ్లో నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. గంట వీడియో వద్దు, పది నిమిషాల ముక్కలు చేయండి. బోర్డు మీద రాసింది పీడీఎఫ్‌గా కూడా ఇవ్వండి. పరీక్ష ముందు రోజు వాళ్లు తిరగేసేది అదే.

జవాబు: గాజువాక నుంచి
ఐఐటీల వాళ్ల ఉచిత వీడియో పాఠాలు, ఎన్‌పీటీఈఎల్‌వి కూడా డౌన్‌లోడ్ అవుతాయి. క్రెడిట్ల సంగతి కూడా చూడండి: 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా చేయొచ్చు, ఎన్‌పీటీఈఎల్ కోర్సులూ అందులో ఉంటాయి. పరీక్ష మాత్రం సెంటర్‌కి వెళ్లి రాయాలి, కాబట్టి ఊళ్లో ఉన్న పిల్లలకి తేదీ ముందే చెప్పాలి.

మద్దిలపాలెం లెక్చరర్
చాలా థాంక్స్ మేడమ్, సార్. దసరా సెలవులకి ముందే లైబ్రరీలో అందరి ఫోన్లలో డౌన్‌లోడ్ చేయిస్తాను. మేడమ్, క్విజ్ కూడా నెట్ లేకుండా రాయొచ్చా?

మధురవాడ మేడమ్
రాయొచ్చు సార్. క్విజ్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ అనుమతి ఇవ్వాలి. టైమ్ లిమిట్ మాత్రం పెట్టకండి.