మన ఎంపీ సభలో ఏ వైపు ఓటు వేశారో ఎక్కడ చూడాలి?

సందేహం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. మా నియోజకవర్గపు లోక్‌సభ సభ్యుని గురించి కొద్ది రోజులుగా వాట్సాప్‌లో ఒక బొమ్మ తిరుగుతోంది. హాజరు ఇంత శాతమనీ, అడిగిన ప్రశ్నలు ఇన్ని వందలనీ, కాబట్టి రాష్ట్రంలో అందరికంటే బాగా పనిచేసిన ఎంపీ వారేననీ అందులో రాశారు. ఆ అంకెలను ఎలా సరిచూసుకోవాలన్నది నా మొదటి సందేహం. అసలు సందేహం వేరే ఉంది. ముఖ్యమైన బిల్లులు సభకు వచ్చినప్పుడు మా ఎంపీ ఏ వైపు ఓటు వేశారో నాకు తెలియాలి. పార్లమెంటు వెబ్‌సైట్ సన్సద్ డాట్ ఇన్‌లో సభ్యుల జాబితా తెరిచి, వారి పేరు మీద నొక్కి, ప్రశ్నలూ చర్చలూ చూడగలిగాను గానీ ఓట్ల వివరం ఎక్కడా కనబడలేదు. వెతకడంలో నాదే పొరపాటా, లేక ఆ వివరం అసలు నమోదే కాదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

మీ పొరపాటు ఏమీ లేదు. చాలా బిల్లుల విషయంలో ఆ వివరం నిజంగానే నమోదు కాదు. మిగిలిన కొద్ది బిల్లుల విషయంలో నమోదవుతుంది గానీ, సభ్యుని పేరు కింద కాక, ఆ రోజు సభా కార్యకలాపాల పాఠం లోపల ఉంటుంది.

మన పార్లమెంటులో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. స్పీకరు ప్రతిపాదనను సభ ముందు పెడతారు, అనుకూలురు ఔననీ వ్యతిరేకులు కాదనీ పెద్దగా పలుకుతారు, ఏ పక్షం ఎక్కువగా ఉన్నట్టు తోచిందో స్పీకరు ప్రకటిస్తారు. ఎవరు ఏమన్నారో ఎవరూ రాసుకోరు. మన రెండు తెలుగు రాష్ట్రాల వారికి ఇందుకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో నెగ్గింది మూజువాణి ఓటుతోనే, ప్రత్యక్ష ప్రసారం కూడా ఆ వేళకు ఆగిపోయింది. అంత పెద్ద నిర్ణయం జరిగినా, బిల్లు ఆమోదం పొందే ఘట్టంలో ఫలానా సభ్యుడు ఔనన్నాడా కాదన్నాడా అని ఇవాళ వెతికితే పేర్ల పట్టిక దొరకదు.

స్పీకరు ప్రకటనను ఎవరైనా సభ్యుడు ఒప్పుకోక డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరితే అప్పుడు లెక్క మొదలవుతుంది. లోక్‌సభ నియమావళిలోని 367వ నియమం ప్రకారం లాబీలను ఖాళీ చేయిస్తారు, కనీసం మూడున్నర నిమిషాలు గడిచాక ప్రతిపాదనను మళ్లీ ఓటుకు పెడతారు, సభ్యులు తమ సీటు దగ్గరి మీటలు నొక్కుతారు. ఔను, కాదు, తటస్థం అని మూడు అవకాశాలు ఉంటాయి. అయితే డివిజన్‌ను అనవసరంగా కోరుతున్నారని స్పీకరు భావిస్తే, రెండు పక్షాల వారినీ తమ తమ స్థానాల్లో లేచి నిలబడమని తలలు లెక్కించే వీలు కూడా అదే నియమంలో ఉంది, అలా లెక్కించినప్పుడు పేర్లు నమోదు చేయరు. కాబట్టి పత్రికలో సంఖ్యలు వచ్చినంత మాత్రాన పేర్లు కూడా ఉండి తీరుతాయని అనుకోవద్దు.

రాజ్యాంగ సవరణ బిల్లులకు మాత్రం లెక్క తప్పదు. 368వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యత్వంలో సగానికి మించిన మద్దతు, హాజరై ఓటు వేసిన వారిలో మూడింట రెండు వంతుల మద్దతు రెండూ ఉండాలి, గొంతుల జోరు విని అది తేల్చలేరు. అందువల్ల మీ పరిశోధనను అక్కడి నుంచి మొదలుపెట్టమని నా సలహా. మహిళా రిజర్వేషన్ల బిల్లు 2023 సెప్టెంబరు 20న లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేయగా నెగ్గింది. సన్సద్ డాట్ ఇన్‌లో లోక్‌సభ విభాగంలోకి వెళ్లి, చర్చల పేజీలో ఆ తేదీని ఎంచుకుని, పూర్తి రోజు పాఠాన్ని తెరవండి. అది వందల పుటల పత్రం, మొదటి నుంచి చదవబోతే విసుగొస్తుంది. ‘డివిజన్’ అన్న ఇంగ్లీషు మాటను పత్రంలో వెతికితే సరాసరి ఓటింగు జరిగిన చోటికి చేరతారు, అక్కడ అనుకూలుర పేర్లు ఒక పట్టికగా, వ్యతిరేకుల పేర్లు మరొక పట్టికగా వరుసగా ఉంటాయి.

ఒక జాగ్రత్త. సభలో బోర్డు మీద కనబడే సంఖ్య తుది సంఖ్య కాదు, దిద్దుబాటుకు లోబడి ఉంటుంది. మీట పనిచేయని వారు, తప్పు మీట నొక్కిన వారు చీటీల మీద రాసి ఇస్తారు. జమిలి ఎన్నికల కోసం తెచ్చిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లును 2024 డిసెంబరు 17న ప్రవేశపెట్టేందుకు అనుమతిపై డివిజన్ జరిగినప్పుడు బోర్డు మీద మొదట 220, 149 అని కనబడింది, చీటీలు కలిపాక అది 269, 198 అయింది. తొందరపడి మొదటి సంఖ్యనే పట్టుకున్నవారు మొత్తం మీద దాదాపు వంద ఓట్ల తేడాతో తప్పు రాసినట్టే. అందువల్ల ఆ సాయంత్రపు వార్తను కాక, సభా కార్యకలాపాల పాఠాన్నే ఆధారం చేసుకోండి.

రెండో జవాబు

పై వివరణ సమగ్రంగా ఉంది, దానికి ఒక మాట చేర్చాలి. పేర్ల పట్టిక దొరికాక కూడా అది మీ ఎంపీ మనసు చెబుతుందా, వారి పార్టీ నిర్ణయం చెబుతుందా అన్న ప్రశ్న మిగులుతుంది. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగుకు దూరంగా ఉన్నా, పదిహేను రోజుల్లోగా పార్టీ దానిని మన్నించకపోతే ఆ సభ్యుడు అనర్హతకు గురికావచ్చు. 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధన పరిధిని విశ్వాస పరీక్ష వంటి సందర్భాలకూ, పార్టీ ప్రధాన విధానాలకూ కుదించి అర్థం చేసుకోవాలన్నది. అయినా ముఖ్యమైన బిల్లు వచ్చిందంటే మూడు లైన్ల విప్, అంటే తప్పక హాజరై చెప్పినట్టే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం, వెలువడటం మామూలే. ఎంపీని అతని ఓటును బట్టి తూచడం వేరే దేశాల్లో చెల్లుతుందేమో గానీ, ఇక్కడ దాదాపు ప్రతి పట్టికలోనూ ఒక పార్టీ వారంతా ఒకే వైపు కనబడతారు. ఎవరైనా విడిగా కనబడితే మాత్రం ఆ రోజు పత్రికలు తిరగేయండి, అక్కడ ఒక కథ ఉంటుంది.

సందేహం అడిగిన వారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే చేశాను, రెండు బిల్లులకు పట్టికలు దొరికాయి. ఒకదానిలో మా ఎంపీ పేరు కనబడింది. రెండో బిల్లు విషయంలో అనుకూలుర పట్టికలోనూ లేదు, వ్యతిరేకుల పట్టికలోనూ లేదు. వారు ఆ రోజు సభకే రాలేదని నిర్ధారించుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చిన వారు

అంత త్వరగా నిర్ధారించవద్దు. ముందు రెండు పట్టికల తరువాత తటస్థుల పేర్లు విడిగా ఉన్నాయేమో చూడండి, తటస్థంగా ఉండటం నమోదయ్యే చర్యే. అక్కడా లేకపోతే పట్టికల దగ్గర చిన్న అక్షరాల్లో ఉండే గమనికలను చదవండి. చీటీ ద్వారా ఓటు వేసిన వారినీ, ఓటును దిద్దుకున్న వారినీ అక్కడ పేర్కొంటారు. అప్పటికీ దొరకకపోతే, అదే వెబ్‌సైట్‌లో సభ్యుల హాజరు తేదీల వారీగా లభిస్తుంది, ఆ తేదీకి వారి హాజరు నమోదైందో లేదో సరిచూడండి. హాజరు ఉండి పట్టికలో పేరు లేకపోతే, వారు వాకౌట్ చేసి ఉండవచ్చు, ఓటింగు వేళకు బయటికి వెళ్లి ఉండవచ్చు. వాకౌట్ సంగతి అదే రోజు పాఠంలో సాధారణంగా ఒక వాక్యంగా ఉంటుంది, ఫలానా సభ్యులు సభ నుంచి నిష్క్రమించారని సమయంతో సహా రాస్తారు. మీ ఎంపీ పార్టీ నిష్క్రమించిందో లేదో దాన్ని బట్టి తెలుస్తుంది. వాకౌట్‌ను వ్యతిరేకత కింద లెక్కించాలా, ఓటు తప్పించుకోవడం కింద లెక్కించాలా అన్నది మీరే తేల్చుకోవాలి. నా మట్టుకు, ఓడిపోతామని తెలిసి చేసిన వాకౌట్‌కూ, ఓట్లు దాదాపు సమానంగా ఉన్నప్పుడు చేసిన వాకౌట్‌కూ చాలా తేడా ఉంది. రెండోదాని వల్ల బిల్లు నెగ్గుతుంది, ఎందుకంటే 100వ అధికరణం ప్రకారం హాజరై ఓటు వేసిన వారిలో మెజారిటీయే లెక్క, బయట నిలబడ్డ వారు లెక్కలోకే రారు.

మూడో జవాబు

వాట్సాప్ బొమ్మ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను. ఆ అంకెలు బహుశా పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ఎంపీల పేజీ నుంచి తీసుకున్నవై ఉంటాయి. హాజరు, చర్చల్లో పాల్గొనడం, ప్రశ్నలు, ప్రైవేటు మెంబరు బిల్లులు (మంత్రులు కాని సభ్యులు సొంతంగా ప్రతిపాదించేవి) అనే నాలుగు అంశాలను అక్కడ జాతీయ సగటుతోనూ రాష్ట్ర సగటుతోనూ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. అంకె సరైనదే అయినా, దాని అర్థం బొమ్మ తయారుచేసిన వారు చెప్పినది కాకపోవచ్చు.

హాజరు అంటే ఆ రోజు హాజరు నమోదైందని మాత్రమే అర్థం, సాయంత్రం వరకు కూర్చున్నారని కాదు. మంత్రులు, ప్రతిపక్ష నాయకుడు హాజరు పట్టీలో సంతకం చేయనవసరం లేదు, మంత్రులు ప్రశ్నలు అడగరు, సమాధానాలు చెబుతారు. అందువల్ల మంత్రి అయిన ఎంపీకి ఎదురుగా సున్నాలు చూసి సోమరి అని ముద్ర వేయడం అన్యాయం.

ప్రశ్నల సంఖ్య దగ్గర మరింత జాగ్రత్త కావాలి. లోక్‌సభలో ఒక రోజుకు నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 వరకు స్వీకరిస్తారు, రాజ్యసభలో అవి 15, 160. నక్షత్రపు గుర్తు ఉన్నవాటికి మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, అనుబంధ ప్రశ్న వేసే వీలుంటుంది. గుర్తు లేనివాటికి రాతపూర్వక జవాబు బల్ల మీద పెడతారు. నోటీసుల్లోంచి వేటికి అవకాశం వస్తుందో చీటీ ద్వారా తేలుతుంది కనుక సంఖ్యలో కొంత అదృష్టం కూడా ఉంటుంది. పైగా ఒకే విషయంపై వచ్చిన ప్రశ్నలను కలిపేస్తారు. జవాబు పత్రాన్ని తెరిస్తే పైన అయిదారుగురు ఎంపీల పేర్లు ఒకే ప్రశ్నకు కనబడటం సామాన్యం, అది ఆ అందరి ఖాతాలోనూ చేరుతుంది. సంఖ్యను వదిలి విషయాన్ని చూడండి. మీ ఎంపీ రైల్వే శాఖను ఒకే పెండింగు లైను గురించి సమావేశం తరువాత సమావేశం వెంటాడుతున్నారా, లేక దేశవ్యాప్తంగా ఏ శాఖకైనా సరిపోయే సాధారణ ప్రశ్నలను వరుసగా పంపుతున్నారా అన్నది పది జవాబు పత్రాలు చదివితే తెలిసిపోతుంది. ప్రశ్న అడగడమే గొప్ప అనుకోకూడదనడానికి ఒక చేదు నిదర్శనం కూడా ఉంది, డబ్బు తీసుకుని ప్రశ్నలు అడిగారన్న ఆరోపణపై 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను బహిష్కరించారు.

చర్చల విషయానికి వస్తే, సభలో మాట్లాడిన ప్రసంగమూ, సభ ముందు ఉంచిన రాతప్రతీ ఒకటి కావు. పాఠంలో రెండోదాన్ని ప్రత్యేకంగా గుర్తిస్తారు. తెలుగులో మాట్లాడిన ప్రసంగానికి ఇంగ్లీషు అనువాదాన్నే అచ్చు వేసి, మూలం తెలుగని గమనిక పెడతారు. వారి తెలుగు మాటలే కావాలంటే సంసద్ టీవీ రికార్డింగు చూడవలసిందే.

ప్రైవేటు మెంబరు బిల్లును నెగ్గించలేదని ఎవరినీ తప్పుపట్టకండి. స్వాతంత్ర్యం వచ్చాక నెగ్గినవి 14 మాత్రమే, చివరిది 1970లో. మీ ఎంపీ అలాంటి బిల్లు పెట్టి ఉంటే దాని పాఠాన్ని చదవండి, ఎందుకంటే విప్ లేకుండా ఆ సభ్యుడు తనంతట తాను ఏ చట్టం కావాలనుకుంటున్నాడో అక్కడ కనబడుతుంది.

సందేహం అడిగిన వారు

హాజరు పట్టీ చూశాను. ఆ తేదీకి హాజరు ఉంది, పార్టీ వాకౌట్ చేసినట్టు పాఠంలోనూ ఉంది. ఒక ముడి వీడింది, ధన్యవాదాలు. చివరిగా ఒకటి: విప్ పట్టు లేని చోట మా ఎంపీ ఎలా మాట్లాడతారో తెలుసుకునే దారి ప్రైవేటు బిల్లులు తప్ప మరొకటి ఉందా?

రెండో జవాబు ఇచ్చిన వారు

ఉంది, స్థాయీ సంఘాలు, అంటే పార్లమెంటు స్టాండింగ్ కమిటీలు. శాఖల వారీగా 24 సంఘాలున్నాయి, ఒక్కొక్కదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి, కెమెరాలు ఉండవు, విప్ వర్తించదు. ఆ మేరకు పార్టీ గీతలు అక్కడ కొంచెం చెరుగుతాయని అందులో కూర్చున్నవారే చెబుతుంటారు. ఎవరు ఏ మాట అన్నారో బయటికి రాదు గానీ, ప్రతి నివేదిక చివర అనుబంధంగా సమావేశాల మినిట్స్ ఉంటాయి, ఏ తేదీన ఏయే సభ్యులు హాజరయ్యారో పేర్లతో సహా అందులో రాస్తారు. వాట్సాప్ బొమ్మలో ఈ హాజరు ఎప్పుడూ కనబడదు, ఎందుకంటే ఒక్కొక్క నివేదిక తెరిచి లెక్క పెట్టుకోవలసిన పని అది. సభ్యుడు విభేదిస్తే అసమ్మతి పత్రం జతచేయవచ్చు, ఆ పత్రం కింద సంతకం ఉంటుంది.

మీ ఎంపీ పేజీలో వారు ఏ సంఘంలో ఉన్నారో రాసి ఉంటుంది. ఆ సంఘం పేజీకి వెళ్లి, నిధుల డిమాండ్లపై, అంటే శాఖ అడిగిన బడ్జెట్ కేటాయింపులపై, ఇచ్చిన తాజా నివేదికతో మొదలుపెట్టండి, దానికి సమావేశాలు ఎక్కువ జరుగుతాయి. ఏదైనా వివరం అక్కడ దొరకకపోతే లోక్‌సభ సచివాలయానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. అందులో అభిప్రాయం అడగకండి, ఫలానా సంఘం ఫలానా సంవత్సరంలో జరిపిన సమావేశాల తేదీలు, సభ్యుల హాజరు అని మాత్రమే రాయండి.