రివాల్వర్ ట్రిగ్గర్ రెండు గదుల దగ్గరే పట్టేస్తోంది, ఎందుకు?

తెనాలి అబ్బాయి:
అందరికీ నమస్కారం. ఉండేది డాలస్ దగ్గర. తెనాల్లో ఉన్నన్నాళ్ళూ రివాల్వర్ అంటే ఎస్సై గారి నడుముకు వేలాడేదాన్ని దూరం నుంచి చూడటమే. ఇక్కడ పౌరసత్వం వచ్చాక, పోయిన సంక్రాంతికి ఓ పాతది కొన్నాను. .38 స్పెషల్ రకం గుళ్ళు ఆరు పట్టేది, డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగితే చాలు, గుండు వెనక కొట్టే సుత్తి, అంటే హామర్, అదే లేస్తుంది). వయసులో నాకంటే పెద్దదే అనుకుంటా.

హామర్ ఎత్తకుండా నేరుగా ట్రిగ్గర్ లాగి కాలుస్తుంటే కొన్నిసార్లు వెన్నలా వస్తుంది, కొన్నిసార్లు సగంలో రాయి అడ్డం పడ్డట్టు ఆగుతుంది. గట్టిగా లాగితే ఒక్కసారిగా వదిలేస్తుంది, గురి కాస్తా కిందికి పోతుంది. రేంజిలో మొదటి 50 రౌండ్ల డబ్బా అయ్యేదాకా ఫరవాలేదు. రెండో డబ్బాతోనే గొడవ. సిలిండర్ (గుళ్ళు పెట్టే ఆరు గదులుండే తిరిగే చక్రం) తెరవడానికి కూడా బలం పెట్టాల్సొస్తోంది. ఇంటికొచ్చి తుడిచాక తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

ట్రిగ్గర్ బరువు చూసే గేజ్ నా దగ్గర లేదు. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసు 23 కిలోలు దాటిందేమో చూసుకునే హుక్కు కాటా ఉంటుందిగా, అదే తగిలించి లాగాను (నవ్వకండి). సిలిండర్ మీద మార్కరుతో 1 నుంచి 6 వేసి చూస్తే నాలుగు గదులకి 11 పౌండ్ల దగ్గర ఆగింది. 4కి 13, 5కి 14. ఎన్నిసార్లు చూసినా ఆ రెండే.

రేంజిలో ఒకాయన మెయిన్ స్ప్రింగ్ (హామర్‌ని ముందుకు కొట్టించేది) మార్చెయ్ అన్నారు, ఇంకొకాయన లోపలంతా పాలిష్ కొట్టించు అన్నారు. ఎవరి మాట వినాలి? లేక నాకు అంటగట్టారా?

కరీంనగర్ చిన్నోడు:
అన్నా, గా సూట్‌కేస్ కాంటకు దండం! స్ప్రింగ్ జోలికి పోకు. స్ప్రింగ్ ఖరాబైతే ఆరిటికీ ఒక్క తీర్గనే ఉంటది గదా, రెండిటికే ఎందుకుంటది? నువ్వు కాల్చేటియి కొత్త రౌండ్లా, రీలోడ్లా (కాల్చిన ఖాళీ కేసులల్ల మల్ల మందు నింపినయి)? నాకు ఒకసారి రీలోడ్లల్ల ప్రైమర్ (కేసు అడుగున మందుకు నిప్పంటించే బిళ్ళ) లోపలికి సక్కగ కూసోక, వెనక ఫ్రేముకు రాసుకుంట సిలిండర్ తిరగనియ్యలే. కాని గా లొల్లి రౌండును బట్టి మారుతది, సిలిండర్ గదిని బట్టి గాదు. ఖాళీగ ఉన్నప్పుడు సుత 4, 5 కాడనే ఆగుతుందంటే వేరే కత ఉన్నది.

కుట్టుమిషను బాబాయ్:
బాబూ, ముందు గుళ్ళన్నీ తీసి ఇంట్లో వేరే రూములో పెట్టు. ఆరు గదులూ కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే పని మొదలెట్టు.

మా నాన్నకి ఏలూరులో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుండేది. చక్రం పట్టేస్తే కాలికింద పెడల్ని తిట్టకురా అనేవాడు. నీదీ అదే. డబుల్ యాక్షన్‌లో ఒక్క లాగుడుతో రెండు పనులు జరగాలి: హామర్ వెనక్కి లేవాలి, సిలిండర్ ఒక గది తిరగాలి. ఇప్పుడు ట్రిగ్గర్ వదిలేసి, హామర్‌నే బొటనవేలితో మెల్లిగా ఎత్తుతూ ఆరు గదులూ చూడు. అప్పుడూ 4, 5 దగ్గరే బరువైతే ట్రిగ్గర్ నిర్దోషి, సిలిండర్ తిరగడంలోనే తేడా.

కాల్చేకొద్దీ ముదురుతోంది, తెరవడమూ కష్టం అన్నావు కాబట్టి నా అనుమానం రెండింటి మీద. ఒకటి, ఖాళీ కేసుల్ని బయటికి తోసే స్టార్ కింద కాలని మందు చేరడం. కాగితం మందాన పేరుకున్నా చాలు, స్టార్ వెనక్కి లేచి ఫ్రేముకు రాస్తుంది. కేసులు తోసేటప్పుడు గొట్టం మూతి పైకెత్తి ఎజెక్టర్ రాడ్‌ని (ఆ స్టార్‌ని తోసే కడ్డీ) ఒక్క చరుపు చరిస్తే ఆ చెత్త కిందికి రాలిపోతుంది. అడ్డంగా పట్టుకుంటే నేరుగా స్టార్ కిందికే దూరుతుంది.

రెండు, ఎజెక్టర్ రాడ్ మర వదులవడం. వదులైన కొద్దీ పొడవు పెరిగి, బ్యారెల్ కింద రాడ్ కొన కూర్చునే చోట ఒత్తుకుంటుంది. బిగించే ముందు ఏ వైపు మరో తెలుసుకో. ఎడమ మరవీ ఉన్నాయి, పాతవాటిలో మామూలు మరవీ ఉన్నాయి. గదుల్లో ఖాళీ కేసులు పెట్టి బిగించు, లేకపోతే భారమంతా స్టార్ మీద పడి అది పాడవుతుంది. ప్లయర్స్ వాడితే మధ్యలో తోలుముక్క.

స్ప్రింగు కత్తిరించడం, లోపల ఆకురాయి పెట్టడం మాత్రం చెయ్యకు. అరగదీసిన ఇనుము మళ్ళీ మొలవదు.

తెనాలి అబ్బాయి:
బాబాయ్ గారూ, నిన్న రాత్రి కూర్చున్నాను. హామర్ ఎత్తి చూస్తే అచ్చం మీరన్నట్టే, 4, 5 దగ్గరే. స్టార్ కింద మిరియాల పొడి చల్లినట్టుంది! ఇన్నాళ్ళూ పైపైన తుడుస్తున్నానన్నమాట. పాత టూత్‌బ్రష్‌తో గీకాను. రాడ్ దాదాపు అర చుట్టు బిగిసింది. ఇప్పుడు సిలిండర్ దానంతటదే తెరుచుకుంటోంది.

కరీంనగర్ తమ్ముడూ, రీలోడ్లే. డబ్బా మొత్తం లైటు పెట్టి చూస్తే మూడింటికి ప్రైమర్ పైకి తేలి ఉంది, పక్కన పడేశాను. నువ్వన్నట్టు అది వేరే రోగం.

కాటాలో అయిదు గదులకి 11, ఒక్క 5కి మాత్రం ఇంకా 12. సిలిండర్ తెరిచి తిప్పితే రాడ్ కొన సన్నగా వణుకుతోంది.

కుట్టుమిషను బాబాయ్:
రాడ్ కాస్త వంగింది. చేత్తో సరిచేద్దామని చూడకు, గన్‌స్మిత్ దగ్గర వంకర కొలిచే డయల్ గేజ్ ఉంటుంది, ఆయనకిచ్చెయ్. అవసరమైతే రాడ్ మారుస్తాడు.

తెనాలి అబ్బాయి:
శనివారం వెళ్తున్నా. కాటా కూడా పట్టుకెళ్దామనుకున్నాను కానీ మా ఆవిడ లాక్కుంది, జూన్‌లో ప్రయాణం.