రాక్ ఫాస్ఫేట్ పొడిని సూపర్‌కు బదులుగా వేరుశనగకు వేయవచ్చునా?

కళ్యాణదుర్గం రైతు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. ఎర్రనేలలో వర్షాధారంగా వేరుశనగ వేస్తాము. ఏటా విత్తే ముందు ఎకరాకు రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయడం మా అలవాటు. సూపర్‌లో భాస్వరం 16 శాతమేననీ, తన దగ్గరి రాక్ ఫాస్ఫేట్ పొడిలో 18 శాతం ఉందనీ, పైగా ధర తక్కువనీ ఒక వ్యాపారి చెబుతున్నారు. సూపర్ కూడా ఆ రాతితోనే తయారవుతుంది కదా; ఫ్యాక్టరీలో దానికి ఏమి చేస్తారు, అది చేయని పొడి పైరుకు అందుతుందా? తెలిసినవారు దయచేసి వివరించండి.

ఎరువుల ఫ్యాక్టరీ విశ్రాంత ఉద్యోగి, కర్నూలు:
ఆ రెండు అంకెలనూ పోల్చడమే సరికాదండీ. పొడి బస్తా మీది 18 శాతం అందులోని మొత్తం భాస్వరం. సూపర్ బస్తా మీది 16 శాతం కరిగి పైరుకు అందే భాస్వరం. రాతిలో అది కాల్షియం, ఫ్లోరిన్‌లతో కలిసి అపటైట్ అనే ఖనిజంగా బిగుసుకొని ఉంటుంది, నీటిలో దాదాపు కరగదు. ఫ్యాక్టరీలో ఆ రాతిని పిండిలా మెత్తగా పొడిచేసి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలుపుతారు. వేడి పుట్టి, ఆ చిక్కని ముద్ద కొద్దిసేపట్లోనే గడ్డకడుతుంది. వెలువడే ఫ్లోరిన్ వాయువులు ప్రమాదకరం కనుక వాటిని నీటి జల్లులతో కడిగి పట్టుకోవడం తప్పనిసరి. తరువాత సరుకును రెండు మూడు వారాలు కుప్పపోసి మాగనిస్తారు. మిగిలిపోయిన రాయి ఆమ్లంతో కలిసేది అప్పుడే. చివరకు వచ్చేది కరిగే మోనోకాల్షియం ఫాస్ఫేట్, జిప్సం (కాల్షియం, గంధకం ఉన్న లవణం) కలిసిన ఎరువు. ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ 1842లో పేటెంటు పొందిన పద్ధతి మూలంలో ఇదే.

సుమారు 30 శాతం భాస్వరం ఉన్న రాయి వాడినా సూపర్‌లో 16కు దిగడానికి కారణం ఆమ్లం బరువు కలవడమే. అది నష్టం కాదు. ఆ బరువుతోనే 11 శాతం గంధకం వస్తుంది, నూనెగింజలకు అది ఎంతో అవసరం. డీఏపీ అనే మరో భాస్వరపు ఎరువు తయారీలో ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం తీస్తారు కనుక జిప్సం వడపోతలోనే వేరైపోతుంది. అందుకే 46 శాతం భాస్వరం ఉన్నా డీఏపీతో గంధకం అందదు. వేరుశనగ రైతులు సూపర్‌ను వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆదోని నల్లరేగడి:
రాతి పొడి అన్నిచోట్లా వృథా కాదు. నేల పీహెచ్ 5.5 కంటే తక్కువగా, అంటే నేల ఆమ్లగుణంతో ఉండే తేయాకు, రబ్బరు తోటల్లో ఫ్యాక్టరీ ఆమ్లం చేసే పనిని మెల్లగా నేలే చేస్తుంది. మన ఎర్రనేలలు చాలావరకు తటస్థం, రేగడి నేలలు క్షారం. ఇక్కడ రాయి రాయిగానే ఉండిపోతుంది. రేగడిలోనైతే కరిగిన భాస్వరాన్ని కూడా నేలలోని సున్నం పట్టేస్తుంది కనుక, మేము సూపర్‌ను వెదజల్లకుండా గొర్రుతో సాళ్లలో పడేలా వేస్తాము.

కడప భూగర్భశాస్త్ర విద్యార్థి:
మన సీమలోనూ భాస్వరపు రాయి ఉంది. తుమ్మలపల్లెలో యురేనియం దొరికేది భాస్వరం కలిసిన డోలమైట్ రాతిలోనే. అయితే అందులో కార్బొనేట్ చాలా ఎక్కువ; ఆమ్లం పోస్తే ముందు దానికే ఖర్చవుతుంది. యురేనియం తీయడానికే అక్కడ ఆమ్లాన్ని కాదని క్షార పద్ధతిని ఎంచుకున్నారు. ఎరువుకు పనికొచ్చే రాయి దేశంలో ప్రధానంగా ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రాలో దొరుకుతుంది. మిగిలినది మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచి ఓడల్లో రావలసిందే.

కళ్యాణదుర్గం రైతు:
ఎంతో స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. ఆ పొడిని పశువుల ఎరువులో కలిపి మాగబెడితే కరుగుతుందా? సూపర్‌లోనే జిప్సం ఉన్నప్పుడు ఊడలు (పూత తరువాత మట్టిలోకి దిగి కాయలు కట్టే కాడలు) దిగే వేళ మళ్లీ జిప్సం వేయాలా?

ఎరువుల ఫ్యాక్టరీ విశ్రాంత ఉద్యోగి, కర్నూలు:
పేడ, చెత్తతో కలిపి తడి ఆరకుండా నెలల తరబడి మాగబెడితే, కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాల వల్ల కొంత కరుగుతుంది. దానిని పెంటకుప్పకు బలంగా వాడుకోండి, ఈ పైరుకు సూపర్ బదులుగా మాత్రం లెక్కవేయకండి. జిప్సం తప్పక వేయాలి. కాయకు కావలసిన కాల్షియాన్ని ఊడ, లేతకాయ చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటాయి, కనుక దుక్కిలో వేసినది సరిపోదు. పూత సమయంలో ఎకరాకు 200 కిలోలు మొదళ్ల దగ్గర పడేలా చల్లి, మట్టి ఎగదోయండి.