ఓడ సముద్రంలోనే లంగరు వేసే చోట బయటి టూరు ముందే బుక్ చేసుకోవచ్చా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్కారం. జనవరిలో మేము సింగపూర్ నుంచి బయలుదేరే క్రూయిజ్‌లో పినాంగ్, ఫుకెట్ చూసి మళ్ళీ సింగపూర్ చేరుకుంటాము. డెబ్బై దాటిన మా అత్తగారు, మామగారు కూడా మాతో వస్తున్నారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి గాని మెల్లగా నడవగలరు. పినాంగ్‌లో ఓడ నేరుగా జెట్టీకి ఆనుకొని ఆగుతుందని, ఫుకెట్‌లో మాత్రం పటాంగ్ తీరానికి ఎదురుగా సముద్రంలోనే లంగరు వేస్తుందని, అక్కడి నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారని మాకు ఇచ్చిన కాగితాల్లో ఉంది. ఓడ ఉదయం 9 గంటలకు వచ్చి సాయంత్రం 6 గంటలకు బయలుదేరుతుందట.

ఓడవాళ్ళ టూరు ధర ఇంటిల్లిపాదికీ లెక్క వేసి చూస్తే చాలా ఎక్కువగా కనిపిస్తున్నది. ఫుకెట్‌లోని ఒక స్థానిక సంస్థ ఫీ ఫీ దీవులకు స్పీడ్ బోటులో తీసుకెళ్ళి, సాయంత్రం 4 గంటలకల్లా తిరిగి జెట్టీకి చేరుస్తామంటున్నది. ధర సగానికన్నా తక్కువ. ఇది ముందే బుక్ చేసుకోవడం క్షేమమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

అమ్మా, ధర సంగతి తర్వాత చూద్దాము, ముందుగా మీరు గంటల లెక్క సరిచూసుకోవాలి. జెట్టీకి ఆనుకొని ఆగే ఓడలో మెట్లు దిగితే చాలు, ఊరిలో ఉంటారు. లంగరు వేసే చోట మాత్రం కాగితం మీద 9 గంటలని ఉన్నా, మీరు ఒడ్డున కాలు పెట్టేసరికి మరో గంట, గంటన్నర గడవవచ్చు. ఓడ ఆగిన తరువాత స్థానిక అధికారులు అనుమతి ఇవ్వాలి, పడవలు నీటిలోకి దించాలి, ఆపై ఓడవాళ్ళ టూరు కొన్నవారిని ముందు పంపి, సొంతంగా వెళ్ళేవారికి ఆ తరువాత వరుస ఇస్తారు.

రెండవది, చాలామంది గమనించని విషయం. సింగపూర్, మలేసియా ఒకే సమయాన్ని పాటిస్తాయి. థాయిలాండ్ వాటికన్నా ఒక గంట వెనుక ఉంటుంది. ఓడ తన గడియారాన్ని సింగపూర్ సమయానికే ఉంచుకుంటే, మీ చేతిలోని ఫోను ఒడ్డుకు చేరగానే తనంతట తాను థాయిలాండ్ సమయానికి మారిపోతుంది. సాయంత్రం 6 గంటలకు బయలుదేరే ఓడకు చివరి పడవ 5 గంటలకే ఉండవచ్చు. అది ఓడ సమయమైతే, ఒడ్డున అప్పటికి 4 గంటలే అయి ఉంటుంది. మీ టూరువాళ్ళు చెప్పే 4 గంటలు థాయిలాండ్ సమయం. పైగా ఫీ ఫీకి వెళ్ళే బోట్లు ఎక్కువగా ఫుకెట్ తూర్పు వైపు నుంచి బయలుదేరతాయి, పటాంగ్ పడమటి వైపున ఉంది. ఆ జెట్టీలో దిగి, వ్యాను ఎక్కి, కొండ దారి దాటి పటాంగ్ చేరడానికి సాయంత్రం రద్దీలో ముప్పావు గంటకు తక్కువ పట్టదు. అంటే ఓడ సింగపూర్ సమయాన్నే పాటిస్తే, టూరువాళ్ళు మాట తప్పకపోయినా మీకు చివరి పడవ అందదు. ఓడ ఏ సమయాన్ని పాటిస్తున్నదో ముందు రోజు రాత్రి గదికి పంపే కార్యక్రమ పత్రంలో ఉంటుంది. ఆ సమయానికి పెట్టిన మామూలు చేతి గడియారం ఒకటి మామగారి చేతికి ఉండనివ్వండి.

ఓడవాళ్ళ టూరులో వెళ్ళినవారు ఆలస్యమైతే ఓడ వారి కోసం ఆగుతుంది, ఆగలేకపోతే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత తానే తీసుకుంటుంది. బయటి టూరులో వెళ్ళినవారికి ఆ హామీ లేదు. మీ ఓడకు తర్వాతి మజిలీ సింగపూరే కాబట్టి, ఓడ తప్పితే అప్పటికప్పుడు ఇంటిల్లిపాదికీ విమాన టికెట్లు కొనవలసి వస్తుంది. అలా వెళ్ళినా, ఓడలో తిరిగి వెళ్ళినా అది సింగపూర్‌లో రెండవ ప్రవేశమే అవుతుంది. మీ వీసా ఎన్ని ప్రవేశాలకు ఇచ్చారో బయలుదేరే ముందే చూసుకోండి.

నా మాట వింటే ఫీ ఫీ వదిలేయండి. పటాంగ్ నుంచి ఒక వ్యాను పూటకు మాట్లాడుకొని, వాట్ చలాంగ్ ఆలయం, పాత ఫుకెట్ పట్టణంలోని చైనా, పోర్చుగీసు శైలులు కలిసిన పాత మేడలు చూసి, అక్కడి సమయం ప్రకారం 2 గంటలకల్లా తిరిగి తీరానికి చేరుకోండి. ఇదంతా నేల మీది ప్రయాణం. ఎక్కడ ఆలస్యమైనా వెనుదిరిగే వీలుంటుంది. పెద్దవారితో వెళ్ళేటప్పుడు అంతకుమించి పెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

సమాధానం (దేవరకొండ నుంచి)

నేను కొన్నేళ్ళు క్రూయిజ్ ఓడలో పనిచేశాను కాబట్టి పడవ ఎక్కడం గురించి మాత్రం చెబుతాను. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్ళి ఉంటారు. ఇదీ దాదాపు అలాగే ఉంటుంది, కాని సాగర్ నీటిలా సముద్రం నిలకడగా ఉండదు. ఓడ పక్కన నీటి మట్టానికి దగ్గరగా ఒక తలుపు తెరిచి, చిన్న వేదిక దించుతారు. ప్రమాద సమయంలో వాడే లైఫ్ బోట్లలోనే కొన్నింటిని ఈ పనికి ఉపయోగిస్తారు. కొన్ని రేవుల్లో స్థానికుల పడవలు వస్తాయి. అల వచ్చినప్పుడల్లా పడవ పైకి లేచి కిందికి దిగుతుంది. ఇద్దరు సిబ్బంది చెరొక వైపు నిలబడి మోచేతి కింద గట్టిగా పట్టుకుంటారు, వాళ్ళు చెప్పిన క్షణంలోనే అడుగు వేయాలి. అత్తగారి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు కాస్త పైకి ఉండేటట్టు చూడండి, కాలికి వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి. అలలు ఎక్కువగా ఉన్న రోజున నడవలేనివారిని, చక్రాల కుర్చీలో ఉన్నవారిని పడవ ఎక్కనివ్వకపోవచ్చు. ఆ నిర్ణయం అక్కడున్న అధికారిది, బతిమాలినా మారదు, మారకూడదు కూడా.

టోకెన్ల సంగతి. సొంతంగా వెళ్ళేవారికి ఉదయాన్నే ఓడలోని థియేటరులోనో, హాలులోనో టోకెన్లు ఇస్తారు. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి తీసుకోవాలి. తొందర లేకపోతే రద్దీ తగ్గేదాకా ఆగండి, తరువాత టోకెన్ లేకుండానే పంపిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు అన్నిటికన్నా పొడవైన వరుస చివరి గంటలో ఉంటుంది, అదీ ఎండలో. ఓడ గది కార్డు, పాస్‌పోర్టు నకలు, కార్యక్రమ పత్రంలో అచ్చయ్యే రేవు ఏజెంటు (ఆ రేవులో ఓడ తరఫున పనులు చూసే ప్రతినిధి) ఫోను నంబరు ప్రతి ఒక్కరి దగ్గరా విడివిడిగా ఉండాలి.

సమాధానం (వనపర్తి నుంచి)

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను: మీ డ్రైవరు ఎక్కడ నిలబడతాడో రాయించుకోండి. గ్రీసులోని శాంటోరినిలో పడవ ఫీరా పట్టణం కింద ఉన్న పాత రేవులో దించుతుంది. అక్కడి నుంచి పైకి వెళ్ళడానికి కేబుల్ కారు వరుసలో నిలబడాలి, లేదా 580కి పైగా మెట్లు ఎక్కాలి. బయటి టూరు గైడు పైన ఎదురుచూస్తుంటాడు, ఓడవాళ్ళ టూరు కొన్నవారిని మాత్రం తరచుగా వేరే రేవుకు చేర్చి నేరుగా బస్సు ఎక్కిస్తారు. మన లక్షద్వీప్‌లో కూడా పెద్ద ఓడ పగడపు దిబ్బల బయటే ఆగుతుంది, ప్రవేశ అనుమతి నిబంధన ఉన్నందువల్ల అక్కడ బయటి టూరు అంత సులభం కాదు. ఫుకెట్‌లో కొన్ని ఓడలు పటాంగ్‌కు బదులు ఆవో మఖామ్ రేవులో ఆగుతాయి. మీ ఓడ కూడా చివరి క్షణంలో అటు మారితే డ్రైవరు ఎటు రావాలో ముందే అనుకొని ఉండాలి.

ప్రశ్న అడిగినవారు (మిర్యాలగూడ నుంచి)

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఫీ ఫీ ఆలోచన మానుకున్నాము. పూట వ్యాను మాట్లాడుకుంటాము. గాలి ఎక్కువై ఓడ అసలు ఫుకెట్‌లో ఆగకుండా వెళ్ళిపోతే, మేము వ్యానుకు కట్టిన డబ్బు పోయినట్టేనా?

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి)

జనవరిలో ఆ వైపు సముద్రం సాధారణంగా శాంతంగానే ఉంటుంది. మే నుంచి అక్టోబరు వరకు నైరుతి గాలుల కాలంలోనే ఇబ్బంది ఎక్కువ. అయినా ఆగడం, ఆగకపోవడం కెప్టెన్ నిర్ణయం, టికెట్ షరతుల్లోనే ఆ అధికారం అతనికి ఉంటుంది. ఓడవాళ్ళ టూరైతే డబ్బు వెనక్కి వస్తుంది. బయటివారితో అయితే ఓడ పేరు, తేదీ రాసి, ఓడ ఆగకపోయినా, పడవలు నడపకపోయినా మొత్తం తిరిగి ఇస్తామని వారి చేత మెయిల్‌లో రాయించుకోండి. రాయమంటే తప్పించుకునేవారికి ఒక్క రూపాయి కూడా ముందు కట్టకండి. చిన్న అడ్వాన్సు తీసుకొని మిగతాది అక్కడ తీసుకునే సంస్థలు దొరుకుతాయి. ప్రయాణ బీమా తీసుకుంటుంటే, ఓడ తప్పిపోయినప్పుడు అయ్యే ఖర్చు అందులో ఉందో లేదో పాలసీ కాగితంలో చదివి, లేకపోతే అది ఉన్న పాలసీనే తీసుకోండి.