అప్‌డేట్: హోర్హేనా, జోర్జా? తేలింది

జె-ఓ-ఆర్-జి-ఇ అనే పేరును తెలుగులో ఎలా రాయాలి, అకారాదిలో ఏ ఇంటిపేరు కింద పెట్టాలి అని అడిగాను. జవాబులన్నీ సరిచూశాక తేలింది ఇదీ.

స్పెయిన్, లాటిన్ అమెరికా స్పానిష్ వాళ్లయితే హోర్హే. పోర్చుగల్ వాళ్లయితే జోర్జ్, బ్రెజిల్‌లో జోర్జి. మూలం ఒక్కటే: రైతు అని అర్థమిచ్చే గ్రీకు గియోర్గియోస్. చిక్కల్లా మన 'జో'తోనే. 'జోడు'లోలా పళ్ల దగ్గర పలికితే పేరు చెడుతుంది. 'జ్యోతి' మొదటి ధ్వనికి దగ్గరగా ఉండాలి. అలాగని 'జ్యోర్జ్' అని రాయక్కర్లేదు, అది మరీ అతి.

ఇంటిపేర్ల దగ్గరే ఎక్కువ తప్పులు. స్పానిష్‌లో సాధారణంగా రెండు ఇంటిపేర్లుంటాయి: తండ్రిది ముందు, తల్లిది తర్వాత. మోటార్‌సైకిల్ రేసుల పోటీ మోటోజీపీ విజేత హోర్హే లోరెంజో గెర్రెరోను 'లోరెంజో' కిందే పెట్టాలి. పోర్చుగీసులో తిరకాసు: తల్లిది ముందు, తండ్రిది చివర. 1996–2006 మధ్య పోర్చుగల్ అధ్యక్షుడు జోర్జ్ ఫెర్నాండో బ్రాంకో ద సంపాయో 'సంపాయో' కిందకే వస్తాడు, 'ద'ను లెక్కలోకి తీసుకోకూడదు. పోప్ ఫ్రాన్సిస్ అసలు పేరు హోర్హే మారియో బెర్గోలియో. ఇందులో మారియో రెండో పేరే, ఇంటిపేరు కాదు.

గందరగోళానికి పరాకాష్ఠ 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్. మెక్సికో గోల్‌కీపర్ హోర్హే కాంపోస్. బ్రెజిల్ రైట్‌బ్యాక్ జోర్జిన్యో పూర్తి పేరు జోర్జి జి అమోరిమ్ కాంపోస్! 'ఇన్యో' అంటే 'చిన్న' అనే ముద్దు ప్రత్యయం. అందుకే ఇలాంటి చోట దేశం, పుట్టిన ఏడాది పక్కనే రాస్తున్నాను.