చేతిగొడ్డలి రూపం చేసినవారి మనసులో ముందే ఉన్నదా, వాడుకలో ఏర్పడినదా?

రేనాటివాడు:
ఇంగ్లండులోని హాక్సన్ గ్రామంలో, ఇటుకల కోసం మట్టి తవ్విన గుంటలో దొరికిన చెకుముకి పనిముట్ల గురించి జాన్ ఫ్రేర్ 1797లో లేఖ రాశారు. ఆదిమానవులు రెండు ముఖాలా చెక్కి చేతపట్టి వాడిన అటువంటి రాతి పనిముట్లనే చేతిగొడ్డళ్లు అంటారు. వాటి సౌష్ఠవాన్ని చూసి, చేసినవారి మనసులో ముందే ఒక నమూనా ఉండి ఉంటుందని చాలామంది అంటారు. అది తొందరపాటు నిర్ణయమని నా అభిప్రాయం. అంచు మొద్దుబారిన ప్రతిసారీ రెండు ముఖాల నుంచీ పెచ్చులు లేపుతూ పోతే ఏ రాయి అయినా అరిగి దాదాపు ఆ ఆకారానికే చేరుతుంది. మనకు దొరికినది వారు కోరుకున్న రూపం కాకపోవచ్చు, వాడి పారేసిన శేషం కావచ్చు. ఏళ్ల తరబడి సానపట్టిన కొడవలిని చూసి దాని మొదటి వెడల్పు ఎవరు చెప్పగలరు?

పదును:
రేనాటివాడు గారూ, కొడవలి పోలిక బాగున్నది గాని బాక్స్‌గ్రోవ్ దానికి లొంగదు. ఇంగ్లండులోనే పశ్చిమ ససెక్స్‌లో ఉన్న ఆ తవ్వకాల స్థలంలో, సుమారు 5 లక్షల ఏళ్ల కిందట, సుద్దకొండ చరియకు సమీపంలో ఒక గుర్రాన్ని కోసిన చోట పెచ్చులు పడినవి పడినట్టే మిగిలాయి. పరిశోధకులు ఓపికగా వాటిని ఒకదానికొకటి అతికించుకుంటూ పోగా నడుమ ఒక ఖాళీ మిగిలింది. అక్కడ తయారై, పని ముగిశాక ఎవరో చేతపట్టుకు వెళ్లిన గొడ్డలి ఆకారం ఆ ఖాళీదే. అరిగిపోయిన శేషం కాదది, అప్పుడే చెక్కిన పనిముట్టు.

ఇంకొక సంగతి. దుప్పి కొమ్ముతోనూ ఎముకతోనూ చేసిన సుత్తులు, గుచ్చుకున్న చెకుముకి తునకలతో సహా అక్కడ దొరికాయి. రాతిసుత్తి దెబ్బకు పెచ్చు మందంగా లేస్తుంది, కొమ్ము దెబ్బకు పలుచగా, పొడవుగా లేస్తుంది. ముందు రాతితో మోటుగా చెక్కి, తరువాత కొమ్ము అందుకున్నవారికి తాము ఎక్కడికి చేరాలో తెలియదని అనగలమా?

కొండవాగు:
తెలిసి ఉండటం వేరు, నేర్చుకొని ఉండటం వేరు. గిజిగాడి గూడు ఎంత నేర్పుగా ఉన్నా దాని వెనుక బడి ఉందని అనము. చేతిగొడ్డలి రూపంలో కొంత భాగం జన్యువుల ద్వారా వచ్చి ఉండవచ్చునని రేమండ్ కార్బీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2016లో వాదించారు. లక్షల ఏళ్లు ఇంత తక్కువ మార్పుతో సాగిన రూపాన్ని కేవలం సంప్రదాయమని నమ్మడం నాకు కష్టంగా ఉన్నది.

రేనాటివాడు:
పదును గారి ఆధారంతో నా మొదటి మాటలో సగం వెనక్కు తీసుకుంటున్నాను. బాక్స్‌గ్రోవ్‌లోనూ మొనపై ఓరగా ఒక్క దెబ్బ వేసి కొత్త అంచు తీసిన గొడ్డళ్లు ఉన్నాయి గనుక, పదును పెట్టడం మాత్రం నిజమే. గిజిగాడి వాదం నాకు రుచించలేదు. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో సుమారు 15 లక్షల ఏళ్ల నాటి గొడ్డళ్లు క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతితో చేసినవి. ఆ రాయి చెకుముకిలా నునుపుగా పగలదు. రాయి మారితే దెబ్బ మారాలి, దెబ్బ కోణం మారాలి. అయినా రూపం అదే వచ్చిందంటే, పుట్టుకతో వచ్చిన చేతి కదలిక ఒక్కటే అందుకు ఎలా సరిపోతుందో కొండవాగు గారు వివరించాలి.